మహమ్మారి రోజుల్లో మగవాళ్లతో కలిసే మగవాళ్లు: మందులు, పరీక్షలు, కలయికలు ఎలా చూసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ‘హైదరాబాద్‌లో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే) మందులు తీసుకుంటున్నా. మళ్లీ లాక్‌డౌన్ పడి రాజాంలో ఉండిపోతే ఎక్కడికెళ్లాలి?’ ‘ఆరు నెలలుగా ఎవరినీ కలవలేదు, ఇంకా పరీక్ష దేనికి?’ ‘కండోమ్ వాడితే కరోనా రాదు కదా?’ అందరికీ ఒకేచోట జవాబు ఇది. మిమ్మల్ని మీరు గే అనుకున్నా, ‘కోతీ’ (ఆడతీరుగా ఉండే మగవాళ్లు తమకు పెట్టుకునే పేరు) అనుకున్నా, ఏ పేరూ పెట్టుకోకపోయినా, పెళ్లై పిల్లలున్నా, మగవాళ్లతో కలుస్తుంటే, అంటే సెక్స్ చేస్తుంటే, ఇది మీ కోసమే.

2020 మార్చి 25న దేశమంతా మూతపడ్డప్పుడు నగరాల్లో ఒంటరి గదుల్లో ఉన్నవాళ్లు ఊళ్లకొచ్చి ఉమ్మడి ఇళ్లలో పడ్డారు. చేపలవేటకు వెళ్లిన మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌లో వేలమంది చిక్కుకుపోయారు. అలాంటప్పుడు కరోనా ఒక్కటే ప్రమాదం కాదు. మాత్రలు మధ్యలో ఆగిపోతాయి, పరీక్షలు వాయిదా పడతాయి, దారులు తెరుచుకోగానే జనం ఆత్రంగా కలుసుకుంటారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులు ఈ సందుల్లోంచే వస్తాయి. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) వచ్చింది. అది ఎక్కువగా మగవాళ్లతో కలిసే మగవాళ్లలోనే పాకింది. ఇంకొకటి వచ్చేదాకా ఆగకుండా కింద రాసినవి ఇప్పుడే చేసి పెట్టుకోండి.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏఆర్‌టీ వాడేవాళ్లయితే కనీసం నెల రోజుల మాత్రలు అదనంగా, ఏఆర్‌టీ పుస్తకం, దాని ప్రతి పేజీ ఫోటో
- కండోమ్‌లు 20–30. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకోండి
- నీటి ఆధారిత లూబ్ లేదా సిలికాన్ లూబ్
- పారాసెటమాల్, థర్మామీటర్, మాస్కులు
- కాగితం మీద రాసుకున్న నంబర్లు: 1097 (హెచ్‌ఐవీ సమాచారం), 14416 (మానసిక ఆరోగ్యం, టెలీమానస్), 1930 (సైబర్ మోసాలు), 112 (అత్యవసరం), మీ కౌన్సెలర్ లేదా టీఐ ప్రాజెక్టు (హెచ్‌ఐవీ నివారణకు స్వచ్ఛంద సంస్థలు నడిపేది) ఔట్‌రీచ్ వర్కర్ నంబరు. ఫోన్ పోయినా, ఇంట్లోవాళ్లు లాక్కున్నా కాగితం మిగులుతుంది
- చివరిసారి కలిసిన తేదీ, చివరి పరీక్ష తేదీ. మీకు మాత్రమే అర్థమయ్యేలా రాసుకోండి

1. మీ పరీక్ష తేదీ లెక్క వేయండి

‘ఎవరినీ కలవలేదు కాబట్టి నాకేం లేదు’ అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. లాక్‌డౌన్‌కు ముందు వారం కలిసినప్పుడు వచ్చిన హెచ్‌ఐవీ, సిఫిలిస్ ఏ గుర్తూ లేకుండా ఒంట్లో ఉండిపోతాయి. కలయికలు ఆపితే కొత్తది రాదు, పాతది మాత్రం పోదు.

కలిసిన వెంటనే చేసిన పరీక్షలో ఏమీ కనబడదు. వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్షలో హెచ్‌ఐవీ తేలడానికి సాధారణంగా 23 నుంచి 90 రోజులు పడుతుంది. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం పరీక్షకు 18 నుంచి 45 రోజులు. అందుకని ఇలా చేయండి: ఈరోజు ఒకటి, చివరి కలయిక నుంచి 6 వారాలకు ఒకటి, 3 నెలలకు ఒకటి. 3 నెలలు నిండాక చేసిన పరీక్ష నెగటివ్ వస్తే, ఈ మధ్యలో కొత్త కలయిక లేకపోతే, అదే నమ్మాల్సిన ఫలితం. ప్రెప్ (హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే మాత్ర) గానీ పెప్ (ప్రమాదం జరిగాక వేసుకునే మందులు) గానీ వాడుతున్నవాళ్లకు ఈ లెక్క మారుతుంది, కౌన్సెలర్‌ను అడగండి.

2. పరీక్షకు వెళ్లండి, అడగాల్సినవి అడగండి

శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (చాలామంది ఇంకా రిమ్స్ అనే అంటారు), విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి పెద్ద కేంద్రాలు. వీటిలో హెచ్‌ఐవీ సలహాకు, పరీక్షకు ఐసీటీసీ అనే గది ఉంటుంది, పరీక్ష ఉచితం. మీ దగ్గరి ఏరియా ఆసుపత్రిలో, సీహెచ్‌సీలో ఐసీటీసీ ఉందో లేదో 1097కు ఫోన్ చేసి కనుక్కోండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లకు శ్రీకాకుళం కంటే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి చాలా దగ్గర. కాకపోతే 2020లో లాగా రాష్ట్ర సరిహద్దు మూసేస్తే ఆ దారి ఉండదు, రెండు చోట్ల వివరాలూ దగ్గర పెట్టుకోండి.

ఎవరైనా చూస్తారని భయమైతే ఓపీ చీటీ చర్మవ్యాధుల విభాగానికి రాయించుకోండి. సుఖవ్యాధులు కూడా ఆ విభాగమే చూస్తుంది, చీటీ చూసినవాళ్లకు దురద అనో తామర అనో అనిపిస్తుంది. సురక్ష క్లినిక్ అన్న బోర్డు ఉంటే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

లోపలికి వెళ్లాక హెచ్‌ఐవీ ఒక్కటే చేయించుకుని వచ్చేయకండి. ఇవి కూడా అడగండి:

- సిఫిలిస్‌కు ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్ష
- హెపటైటిస్ బి, హెపటైటిస్ సి
- వెనకవైపు కలిసి ఉంటే మలద్వారం నుంచి, నోటితో చేసి ఉంటే గొంతు నుంచి గనేరియా, క్లమీడియా నమూనా

చివరిది చాలాచోట్ల దొరకదు. అందుకే డాక్టర్‌కు నోరు విప్పి చెప్పడం ముఖ్యం. మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే గొంతులో, వెనక ఉన్న గనేరియా తప్పించుకుంటుంది. ‘వెనక నుంచి కలిశాను, అక్కడ నొప్పి, జిగురు వస్తోంది’ అని అంతే సూటిగా చెప్పండి. చెప్పకపోతే మొలలు అనుకుని పూత మందు రాసి పంపే ప్రమాదం ఉంది.

మీ సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పెద్దవాళ్లయిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపూర్వకంగా కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పిచ్చింది. ఎవరైనా ‘పోలీసులకు చెప్తా’ అంటే ఈ రెండు తేదీలూ గుర్తుంచుకోండి.

3. ఏఆర్‌టీ మందులు ఒక్కరోజూ ఆగకుండా చూసుకోండి

మూసివేత మాట వినబడగానే మీ ఏఆర్‌టీ కేంద్రానికి ఫోన్ చేసి రెండు, మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వమనండి. 2020లో ఇలా ఇచ్చారు, అడిగే హక్కు మీకుంది. వేరే ఊళ్లో చిక్కుకుపోతే అక్కడి దగ్గరి ఏఆర్‌టీ కేంద్రానికి పుస్తకం పట్టుకెళ్లండి. ప్రయాణంలో ఉన్నవాళ్లకు తాత్కాలికంగా మందులిచ్చే పద్ధతి ఉంది. అసలు కేంద్రం ఫోన్ నంబరు పుస్తకంలో ఉంటే పని త్వరగా అవుతుంది. చాలాకాలం ఊళ్లోనే ఉండేలా ఉంటే బదిలీ రాయించుకోండి.

ఉమ్మడి ఇంట్లో దాచుకోవడం ఎలా అని అడిగేవాళ్లు ఎక్కువ. మాత్రలను కాగితంలో పొట్లం కట్టకండి. డబ్బాలో తేమ పీల్చే చిన్న సంచి ఉంటుంది, దాని నుంచి విడదీస్తే మన సముద్రపు గాలికి మాత్రలు మెత్తబడతాయి. డబ్బా అదే ఉంచి పైన చీటీ మాత్రం పీకేయండి. బీరువా సరే, వంటగది, కిటికీ పక్క వద్దు. ఇంట్లో అడిగితే ఏమని చెప్పాలో ముందే అనుకోండి: ‘కాలేయానికి డాక్టర్ రాశారు’ అంటే తర్వాత ప్రశ్నలు తక్కువ. ఇల్లంతా సందడిగా ఉండే వేళ కాకుండా, పడుకునే ముందో పళ్లు తోమాకో ఒక సమయం పెట్టుకోండి.

ఇప్పుడు చాలామందికి ఇస్తున్నది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన ఒకే మాత్ర. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్రకు 4 గంటల లోపే ఉంటే వదిలేసి, తర్వాతిది మామూలు వేళకు వేసుకోండి. రెండు కలిపి మింగవద్దు.

కరోనా రోజుల్లో చాలామంది తెలియక చేసిన తప్పు ఒకటుంది. ఒంట్లో బలానికని జింక్ మాత్రలు, మల్టీవిటమిన్లు ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకున్నారు. జింక్, ఐరన్, కాల్షియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వవు. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌లో కూడా మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. వాటికి 2 గంటల ముందు లేదా 6 గంటల తర్వాత ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. తేలిక పద్ధతి: ఏఆర్‌టీ రాత్రికి, విటమిన్లు ఉదయానికి.

4. ప్రెప్ వాడాలనుకుంటే ముందు కిడ్నీ చూపించుకోండి

ప్రెప్ అంటే హెచ్‌ఐవీ లేనివాళ్లు అది రాకుండా ముందే వేసుకునే మాత్ర. టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మి.గ్రా. కలిసి ఉంటాయి. డాక్టర్ చీటీ మీద తీసుకోవాలి.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ లక్షణం లేకుండానే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఎందరో ఉన్నారు. టెనోఫోవిర్ కిడ్నీ మీదే భారం వేస్తుంది. కాబట్టి ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లు సీరం క్రియాటినిన్ చేయించకుండా ఒక్క మాత్ర కూడా మొదలుపెట్టవద్దు. ఆ అంకెను వయసు, బరువుతో కలిపి క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్క వేస్తారు. అది నిమిషానికి 60 మి.లీ. కంటే తక్కువుంటే ఈ మాత్ర వద్దు. మొదలుపెట్టాక కూడా మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవడం మానండి, జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఇప్పటికే ఏఆర్‌టీలో టెనోఫోవిర్ వాడుతున్న ఉద్దానం వాళ్లకూ ఇదే మాట: మందు ఆపకండి, క్రియాటినిన్ మాత్రం అడిగి చేయించుకోండి.

కలయికలు ఎప్పుడో ఒకసారి ఉండేవాళ్లు ఇలా వాడొచ్చు: కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు 2 మాత్రలు, మొదటి మోతాదుకు 24 గంటలకు 1, 48 గంటలకు 1. కలయికలు కొనసాగుతుంటే రోజుకొకటి వేసుకుంటూ, చివరి కలయిక తర్వాత రెండు రోజులు కొనసాగించి ఆపాలి. లాక్‌డౌన్‌లో ఆపి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు హెచ్‌ఐవీ పరీక్ష ముందు, మాత్ర తర్వాత. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఇలా ఆపి మొదలుపెట్టడం చేయకూడదు, కాలేయం ఒక్కసారిగా వాచిపోవచ్చు.

5. కండోమ్ చిరిగితే 72 గంటలు

ఈ గడియారం లాక్‌డౌన్ కోసం ఆగదు. పెప్ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఓపీ మూసినా క్యాజువాల్టీ తెరిచే ఉంటుంది, అక్కడికి వెళ్లి ‘హెచ్‌ఐవీ ప్రమాదం జరిగింది, పెప్ కావాలి’ అనండి. ఇవ్వలేమంటే ఏఆర్‌టీ డాక్టర్‌తో మాట్లాడించమనండి. అదీ కాకపోతే ప్రైవేటు ఫిజీషియన్ చీటీతో కొనొచ్చు. దారిలో పోలీసులు ఆపితే ఆసుపత్రికి అంటే చాలు, ఏ విభాగమో చెప్పనక్కర్లేదు.

డెట్టాల్‌తో కడగడం, శానిటైజర్ పూయడం, లోపలికి నీళ్లు కొట్టడం పనికిరావు. శానిటైజర్ లోపలి చర్మాన్ని కాల్చి వైరస్‌కు దారి తెరుస్తుంది. సబ్బు, నీళ్లతో పైపైన కడిగి ఆసుపత్రికి బయలుదేరండి. పెప్ మొదలుపెట్టాక 6 వారాలకు, 3 నెలలకు హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది.

6. కలవక తప్పదనుకుంటే

కరోనా వ్యాపించేది ఊపిరి, ఉమ్ముతో. కండోమ్ దాన్ని ఆపదు, ముద్దే ఎక్కువ ప్రమాదం. వ్యాప్తి ఎక్కువగా ఉన్న వారాల్లో అన్నిటికన్నా భద్రమైనది మీ చేయి, తర్వాత ఫోన్‌లో మాటలు, ఆ తర్వాత ఒకే ఒక్క మనిషి. అతనూ ఇంకెవరినీ కలవకూడదు, ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఒకరికి జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం ఉంటే ఆ రోజు వద్దు. గాలి ఆడే గది, మాస్కు, ముఖాలు ఎదురెదురుగా లేని భంగిమ, తర్వాత స్నానం. ఇంట్లో ముసలివాళ్లుంటే ఇంకాస్త గట్టిగా ఆలోచించండి.

ఎంపాక్స్ వేరు. అది చర్మం చర్మానికి తగిలితే వస్తుంది, 1 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. మర్మావయవాల దగ్గర, మలద్వారం చుట్టూ, నోట్లో నొప్పితో కూడిన పొక్కులు, గజ్జల్లో బిళ్లలు, జ్వరం చూడండి. వెలుగులో ఒకరినొకరు చూసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. పొక్కులుంటే పెచ్చులన్నీ రాలి కొత్త చర్మం వచ్చేదాకా ఎవరినీ తాకకూడదు. తగ్గాక 12 వారాలు కండోమ్ వాడాలి. తువ్వాలు, దుప్పటి పంచుకోకండి.

కండోమ్, లూబ్ విషయంలో మనవైపు జరిగే తప్పు కొబ్బరినూనె. ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ అనుమానించరు, అందుకే వాడేస్తారు. ఏ నూనైనా, వ్యాజ్‌లిన్ అయినా రబ్బరు కండోమ్‌ను నిమిషాల్లో బలహీనపరుస్తుంది, లోపల చిరిగినా తెలియదు. ఉమ్ము త్వరగా ఆరిపోతుంది. లూబ్ దొరకకపోతే టీఐ ప్రాజెక్టు ఆఫీసులో అడగండి, అక్కడా లేకపోతే ఆ రోజు లోపలికి వెళ్లకుండా ఆగండి. కండోమ్‌ను పర్సులోనో బండి డిక్కీలోనో పెట్టకండి, ఎండకు పాడైపోతుంది.

పాపర్స్ (కలయికలో మత్తు కోసం పీల్చే ద్రవం), వయాగ్రా రకం మాత్ర కలిపితే రక్తపోటు ప్రాణం మీదకొచ్చేంత పడిపోతుంది. ఏఆర్‌టీలో రిటోనావిర్ ఉన్నవాళ్లు, రిటోనావిర్ కలిసిన కరోనా మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వయాగ్రా తాకకూడదు.

7. ఫోన్, యాప్‌లు

జనం ఇళ్లలో ఉన్నప్పుడు వీడియో కాల్ మోసాలు పెరుగుతాయి. ముఖం, ఒళ్లు ఒకే ఫ్రేములో చూపించకండి. గోడ మీద క్యాలెండరు, కిటికీలోంచి గుడి గోపురం కూడా ఊరిని పట్టిస్తాయి. ఎదుటివాడికి 18 ఏళ్లు నిండాయని తేలకపోతే అక్కడితో ఆపేయండి. మొదటిసారి కలిసేది ఊరి చివర తోటలో కాదు, నలుగురు తిరిగే చోట. ఎక్కడికెళ్తున్నారో నమ్మిన ఒక్కరికైనా చెప్పండి.

బెదిరిస్తే డబ్బు పంపకండి. ఒకసారి పంపితే అడగడం ఆగదు. స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా బ్లాక్ చేసి 1930కి ఫోన్ చేయండి. ఆ రాత్రి బతకాలనిపించకపోతే 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు.

8. భార్య ఉంటే

ఈ మాట చాలామంది వినాలనుకోరు. నగరం నుంచి ఊరికొచ్చాక మీ పరీక్ష ఫలితం రాకముందే ఇంట్లో కండోమ్ లేకుండా కలిస్తే, మీకు తెలియని రోగం ఆమెకూ, పుట్టబోయే బిడ్డకూ వెళ్లొచ్చు. కారణం అన్నీ చెప్పాల్సిన పనిలేదు, ‘ఇప్పుడే పిల్లలు వద్దు’ అన్నా కండోమ్ వాడొచ్చు. ఫలితం పాజిటివ్ వస్తే కౌన్సెలర్ సాయంతో ఆమెకూ పరీక్ష చేయించాలి. దీన్ని వాయిదా వేయకండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అజిత్రోమైసిన్ సంగతి విడిగా చెప్పాలి. కరోనా కిట్లలో ఇది ఇంటింటికీ చేరింది. గనేరియా, సిఫిలిస్ పుండు ఉన్నవాళ్లు దీన్ని మూడు రోజులో ఐదు రోజులో వాడితే చీము తగ్గి, నొప్పి పోయి నయమైనట్టు అనిపిస్తుంది. రోగం లోపలే ఉంటుంది, ఇంకొకరికి అంటుతుంది. సిఫిలిస్ పుండు ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది, అందుకే ఇంకా మోసపోతాం. తొలి దశ సిఫిలిస్‌కు సరైన మందు బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఇంజక్షన్, ఒక్కసారి. అలర్జీ ఉంటే ముందే చెప్పండి. మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని ఉంటే, ఏం వాడారో డాక్టర్‌కు పేరుతో సహా చెప్పండి.

మిగతావి క్లుప్తంగా: కరోనా నెగటివ్ చీటీని హెచ్‌ఐవీ నెగటివ్ లాగా చూపించడం, చూసి నమ్మడం. రక్తదానం చేసి పరీక్ష అయిపోయిందనుకోవడం. హెపటైటిస్ బి టీకా ఒక డోసుతో ఆపేయడం. అది 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. హెచ్‌ఐవీ పాజిటివ్ అని కరోనా టీకా మానుకోవడం. ఏఆర్‌టీ వాడేవాళ్లకు అది ఇంకా ముఖ్యం.

సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

హెచ్‌ఐవీ: 3 నెలల పరీక్ష నెగటివ్. పాజిటివ్ వస్తే ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారిస్తారు, ఇంట్లో చేసుకున్న ఒక్క కిట్‌తో తేల్చేసుకోవద్దు.

ఏఆర్‌టీ: మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష). లాక్‌డౌన్‌లో ఇది తప్పిపోయి ఉంటే ముందు అడగాల్సింది ఇదే. వైరస్ కనబడనంత తగ్గి, అలాగే నిలిచి ఉంటే కలయికతో ఎదుటివాళ్లకు హెచ్‌ఐవీ వెళ్లదు. సిఫిలిస్, గనేరియా మాత్రం వెళ్తాయి.

సిఫిలిస్: ఇంజక్షన్ రోజు ఆర్‌పీఆర్ అంకె రాసుకోండి. అది 1:32 ఉంటే 6 నుంచి 12 నెలల్లో 1:8కు (రెండో అంకె నాలుగో వంతుకు) లేదా అంతకన్నా దిగువకు రావాలి. దిగకపోయినా, దిగి మళ్లీ పెరిగినా వెంటనే చూపించుకోండి. ఎవరితో కలిశారో వాళ్లకూ చికిత్స జరగకపోతే మళ్లీ మీకే వస్తుంది.

గనేరియా: మందు వాడిన వారంలో మంట, చీము పూర్తిగా పోవాలి. పోకపోతే అదే మందు మళ్లీ కొనకండి, ఆసుపత్రికే వెళ్లండి.

నగరాల నుంచి సంక్రాంతికో పైడితల్లి పండగకో వచ్చేవాళ్లు ఆ సెలవుల్లోనే ఒక పూట ఐసీటీసీకి కేటాయించండి. పండగ రోజుల్లో ల్యాబ్ మూసి ఉండొచ్చు, ముందురోజు ఫోన్ చేసి వెళ్లండి.